సహోదరి రోసెట్టా థార్ప్, ఆమె చేతిలోని గిటారు



మన షోలాపురములో తెలుగువారి వాడకు క్రొత్తగా ఎవరు వచ్చినా మొదట వినిపించేది సాంచాల చప్పుడు. ఆ చప్పుడులోనే మన పిల్లలు పుట్టి పెరిగారు. ఆ చప్పుడును మించి పాడడం నేర్చుకున్నారు కనుకనే మన సంఘములలో గొంతులు గట్టిగా ఉంటాయని మేము తరచు అనుకుంటాము. ఆదివారపు ఆరాధనలో హార్మోనియము, తబలా, డోలక్ ఎన్నో ఏళ్ళుగా మనకు తోడు. ఈ మధ్య ఎలక్ట్రిక్ గిటారు కూడా వచ్చి చేరింది. కొందరికి సంతోషము, కొందరికి కష్టము. అంతవరకు సర్దుకున్నాము.

కాని ఒక సాయంత్రము చిక్కు వచ్చింది. పగలంతా కండెలు చుట్టే ఇంటి ఆడపిల్ల ఒకతె, అన్న దగ్గర గిటారు నేర్చుకుని, పండుగ ఆరాధనలో తానే వాయిస్తానని పెద్దలను అడిగింది. పెద్దలమంతా ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము. పాడితే పాడవచ్చును గాని, ఆడపిల్ల సంఘము ముందు గిటారు తగిలించుకుని నిలబడితే బాగుండదని ఒకరన్నారు. మేమును తల ఊపాము. ఆ బిడ్డ మారు మాటాడకుండా వెళ్ళిపోయింది. తరువాతి వారము యౌవనస్థులు మా ఇంటికి వచ్చి సెల్‌ఫోనులో ఒక పాత సినిమా ముక్క చూపించారు. పాడుబడిన రైల్వే ప్లాట్‌ఫారము మీద, తడిసిన నేల మీద, మంచి కోటు తొడుక్కున్న ఒక నల్లజాతి స్త్రీ తెల్లని ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ దేవుని పాట పాడుతున్నది. ఆమె ఎవరు, ఆ గిటారు ఏ రకము, ఇంత గొప్పగా వాయించే ఆమె పేరు మనమెందుకు వినలేదు అని వారి ప్రశ్నలు.

ట్రైనింగు కళాశాలలో మాకు నేర్పిన మొదటి పాఠము, తెలియని దానికి జవాబు చెప్పవద్దు, చదివి రమ్మని. కనుక చదివాము. చదివినది మన సంఘములన్నిటికి పనికివచ్చునని తోచి ఇక్కడ వ్రాస్తున్నాము.

పత్తి చేలలో పుట్టిన బిడ్డ

ఆమె పేరు సిస్టర్ రోసెట్టా థార్ప్. అమెరికా దేశములో ఆర్కాన్సా రాష్ట్రములోని ఒక చిన్న ఊరిలో 1915 మార్చి 20న పుట్టింది. ఆ ఊరి పేరు కాటన్ ప్లాంట్, అనగా పత్తిమొక్క. తల్లిదండ్రులు పత్తి ఏరే కూలీలు. నూలు పట్టుకుని బ్రతికే మనకు ఇంతకంటె దగ్గరి చుట్టరికము ఏమి కావాలి? ఆ రోజుల్లో అక్కడి నల్లజాతివారు బానిసత్వము చట్టములో పోయినా చేలలో పోని కాలములో ఉన్నారు. పండిన పత్తి ఒకరిది, ఏరిన చేతులు మరొకరివి.

తల్లి కేటీ బెల్ నుబిన్ సువార్తికురాలు. మాండొలిన్ వాయిస్తూ, పాడుతూ, వాక్యము చెప్పేది. ఆమె చేరిన సమాజము చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్. దానిని స్థాపించిన చార్లెస్ హారిసన్ మేసన్ మొదట మన బాప్తిస్టు బోధకుడే. పరిశుద్ధతను గూర్చిన బోధ విషయములో భేదము వచ్చి 1890లలో బాప్తిస్టు అసోసియేషను వారు ఆయనను వెలివేయగా, వేరు సమాజము ఏర్పడింది. ఆ సమాజములో డోలు, తప్పెట, గిటారు అన్నీ ఆరాధనలో చోటు సంపాదించాయి. స్త్రీలు ఊరూరు తిరిగి సువార్త చెప్పడానికి కూడా అక్కడ ప్రోత్సాహముండేది.

చిన్న రోసెట్టా 4 ఏళ్ళ వయసులోనే గిటారు పట్టిందని చెబుతారు. 6 ఏళ్ళు వచ్చేసరికి తల్లితో కలిసి కూటములలో పాడుతూ వాయిస్తూ ఉండేది. జనము పాట వినడానికి ఎంత వచ్చారో, అంత చిన్న బిడ్డ అంత పెద్ద వాద్యము ఎలా వాయిస్తుందో చూడడానికి అంత వచ్చారు. ఒకటి గమనించండి. ఆమెకు గిటారు నేర్పినది నాటకశాల కాదు, కచేరీ కాదు. సంఘము.

1920లలో తల్లి కూతురిని వెంటబెట్టుకుని ఉత్తరాన ఉన్న షికాగో నగరానికి చేరింది. ఆ కాలములో దక్షిణాది పల్లెల నుండి లక్షలాది నల్లజాతి కుటుంబములు పని కోసము, మర్యాద కోసము ఉత్తరాది పట్టణములకు వలస వెళ్ళాయి. 1910 నుండి 1970 వరకు అలా వెళ్ళినవారు సుమారు 60 లక్షలని లెక్క. తెలంగాణ పల్లెల నుండి మగ్గము పని నమ్ముకుని మన తాతలు షోలాపురము చేరిన కథ తెలిసినవారికి ఈ కథ వేరుగా చెప్పనక్కరలేదు. వలస వెళ్ళినవారు మూటలో పెట్టుకుని వెళ్ళేవి రెండే, చేతిలోని పని, నోటిలోని పాట. ఊరు మారినా ఆ రెండూ మారవు.

1934లో రోసెట్టాకు తామస్ థార్ప్ అనే బోధకునితో వివాహమైంది. ఆ కాపురము ఎంతో కాలము నిలువలేదు. పేరు మాత్రము నిలిచింది. సంఘములో పిలిచే సిస్టర్ అనే మాటను ముందు ఉంచుకుని, ఆమె జీవితమంతా సిస్టర్ రోసెట్టా థార్ప్ గానే పాడింది.

ఇనుప గిటారు నుండి కరెంటు గిటారు వరకు

ఇప్పుడు యౌవనస్థులు అడిగిన ప్రశ్నకు వద్దాము. ఆమె వాయించిన గిటారులు ఏవి?

1938 నాటి ఫోటోలలో ఆమె చేతిలో నేషనల్ కంపెనీవారి లోహపు గిటారు కనిపిస్తుంది. మామూలు గిటారు చెక్క పెట్టె. తీగ కదిలితే పెట్టె పైపలక కదిలి శబ్దము వస్తుంది. చిన్న గదికి అది చాలును గాని, వందలమంది చప్పట్లు కొట్టి పాడే కూటములో మునిగిపోతుంది. అందుకని 1920లలో కాలిఫోర్నియాలో లోపల పలుచని అల్యూమినియము గరాటు అమర్చిన గిటారులు చేశారు. తీగల కదలిక ఆ గరాటుకు చేరి శబ్దము పెద్దదై, ఇత్తడి గిన్నెను మీటినట్టు ఖంగున వస్తుంది. కరెంటు అక్కరలేదు. ఊరూరు తిరిగే సువార్తికులకు, వీధి మూలలో పాడేవారికి అది తగిన వాద్యము.

తరువాత ఆమె ఎలక్ట్రిక్ గిటారుకు మారింది. ఆ వాద్యము అప్పటికి కొత్తది. 1930ల మొదట్లో అంగడికి వచ్చింది. గిబ్సన్ కంపెనీ తన మొదటి పేరున్న ఎలక్ట్రిక్ గిటారును 1936లో తెచ్చింది. ఇది పనిచేసే తీరు మన వాడ పిల్లలకు సులువుగా అర్థమవుతుంది. తీగల క్రింద ఒక అయస్కాంతము ఉంటుంది. దాని చుట్టూ వెంట్రుక వంటి సన్నని రాగి తీగను కండె చుట్టినట్టు వేలకొద్ది చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలినప్పుడల్లా ఆ కండెలో చిన్న విద్యుత్తు పుడుతుంది. దానిని వైరు ద్వారా యాంప్లిఫయరుకు పంపితే పెద్ద శబ్దముగా మారుతుంది. అనగా ఎలక్ట్రిక్ గిటారు గుండెకాయ ఒక కండె. చుట్టిన చెయ్యి నిలకడగా లేకపోతే శబ్దము చెడుతుంది. ఇది విన్నప్పుడు మా ఎదుట కూర్చున్న పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

1940లలో ఆమె వాయించినవి లోపల డొల్లగా ఉన్న గిబ్సన్ గిటారులు. వాటికి ఒక బలహీనత ఉంది. శబ్దము బాగా పెంచితే, స్పీకరులోని ధ్వని తిరిగి డొల్ల పెట్టెను కదిలించి కూత పెడుతుంది. మన చర్చిలో మైకు స్పీకరుకు దగ్గరగా పెడితే వచ్చే కూత వంటిదే. దీనికి మందుగా డొల్ల లేని, ఒకే గట్టి చెక్క గిటారులు వచ్చాయి. గిబ్సన్ వారు 1952లో లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుని పేరుతో అలాంటిది తెచ్చారు. 1961లో దాని ఆకారము మార్చి, చెక్కను పలుచన చేసి, మెడ దగ్గర రెండు ప్రక్కల కొమ్ముల వలె చెక్కారు. కొంతకాలానికి లెస్ పాల్ పేరు తీసివేసి దానికి ఎస్.జి. అని పేరు పెట్టారు. గట్టి గిటారు అని దాని అర్థము.

పిల్లలు సినిమాలో చూసిన తెల్ల గిటారు ఇదే. ఆ వరుసలో ఖరీదైన కస్టమ్ రకము. తెల్లని రంగు, బంగారు పూత పూసిన అమరికలు, మామూలుగా రెండు ఉండే చోట మూడు పికప్పులు. ఒక్కొక్క పికప్పులో రెండేసి కండెలు. ఒక్కొక్క కండెకు సుమారు 5,000 చుట్లు. రెండు కండెలను ఒకదానికొకటి ఎదురుగా కలిపినందువల్ల కరెంటు వైర్ల నుండి వచ్చే గుంయ్‌మనే రొద తనంతట తానే రద్దవుతుంది, తీగ శబ్దము మాత్రము నిలుస్తుంది. రొదను అణచి పాటను నిలిపే ఈ ఉపాయము సాంచాల మధ్య పాడుకునే మనకు ముచ్చటగా తోచక మానదు.

వాద్యము సంగతి ఇంత. వాయించిన తీరు ఇంకా గొప్పది. ఆమె తరచుగా తీగలన్నిటిని ఒకే స్వరమేళనములో కుదిరేటట్లు శ్రుతి చేసుకునేది. అప్పుడు ఏ తీగ నొక్కకుండా మీటినా నిండుగా పలుకుతుంది. తంబుర శ్రుతి వెనుక ఉన్నట్టుగా పాటకు ఆధారము దొరుకుతుంది. ఆపై ఒక్కొక్క తీగ మీద వ్రేళ్ళు పరుగెత్తించి, తాను పాడిన చరణానికి గిటారుతో జవాబు చెప్పించేది. మన కీర్తనలలో పాడినవారు ఆగిన చోట హార్మోనియము ఆ వరుసను తిరిగి పలుకుతుంది కదా, అదే పద్ధతి. ఆమె సంఘములో బోధకుడు ఒక మాట చెప్పడము, సంఘము దానికి బదులు పలకడము ఆచారము. ఆమె బోధకుడిని గొంతులో, సంఘమును తీగలలో ఉంచుకుంది.

రెండు గుమ్మముల మధ్య

1938లో ఆమె న్యూయార్కు చేరింది. అక్టోబరు 31న డెక్కా కంపెనీకి 4 పాటలు ఇచ్చింది. ఆ కంపెనీవారు రికార్డు చేసిన మొదటి సువార్త పాటలు అవే. ఆ రికార్డులు బాగా అమ్ముడుపోయాయి. అదే ఏట కాటన్ క్లబ్బు అనే పేరుపొందిన రాత్రి క్లబ్బులో పాడింది. నర్తకులు, పానీయములు ఉండే చోట, దేవుని పాట. డిసెంబరు 23న కార్నెగీ హాలులో జరిగిన పెద్ద కచేరీలో కూడా ఆమెకు చోటు దొరికింది.

సంఘములు బాధపడ్డాయి. ఆ బాధను మేము తేలికగా తీసివేయము. ఆరాధన పాటను సారా అమ్మే చోట పాడితే ఏ పెద్దకు నొప్పి కలుగదు? మా సంఘములో జరిగితే మేమును లేచి నిలబడి మాటాడియుందుము. ఆమె 1941లో లక్కీ మిలిండర్ వాద్యబృందములో చేరి, సువార్త కానివి కూడా కొన్ని పాడింది. ఆ పాటలు సంఘస్థులకు మరింత కష్టము కలిగించాయి. ఆమె జీవితములో ఏ తప్పూ లేదని చెప్పడము మా ఉద్దేశము కాదు. కాని ఇంకొక ప్రక్క కూడా చూడాలి. గుడి గడప ఎన్నడు తొక్కని వేలాదిమంది ఆమె నోట దేవుని పేరు విన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో సముద్రముల ఆవల ఉన్న సైనికులకు ప్రభుత్వము పంపిన రికార్డులలో సువార్త పాటలు పాడినవారు బహు కొద్దిమంది. వారిలో ఆమె ఒకతె.

1944లో పియానో వాద్యగాడు శామీ ప్రైస్ తోడుతో ఆమె ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ పాడిన స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే అనే పాట, 1945లో బిల్‌బోర్డ్ పత్రికవారు నల్లజాతి సంగీతమునకు వేసే పట్టికలో 2వ స్థానము చేరింది. సువార్త పాట ఆ పట్టికకు ఎక్కడము అదే మొదలు. ఆ పాటలోని పియానో నడకను, గిటారు దూకుడును చూపి, పదేళ్ళ తరువాత ప్రపంచమును ఊపిన రాక్ అండ్ రోల్ సంగీతానికి అది ముందు నడిచిన పాట అని సంగీత చరిత్రకారులు ఎందరో చెబుతారు.

1946లో న్యూయార్కులో మహాలియా జాక్సన్ కచేరీకి వెళ్ళినప్పుడు మేరీ నైట్ అనే గాయని గొంతు విని, ఆమెను తోడు చేర్చుకుంది. ఇద్దరు స్త్రీలు కలిసి ఊరూరు తిరిగి పాడారు. 1947లో జార్జియా రాష్ట్రములోని మేకన్ పట్టణములో, కచేరీ హాలులో శీతల పానీయములు అమ్మే 14 ఏళ్ళ పిల్లవాడు తన పాట పాడుతుండగా ఆమె విన్నది. ఆ రాత్రి ఆ పిల్లవాడిని వేదిక మీదికి పిలిచి పాడించి, చేతిలో డబ్బు కూడా పెట్టింది. ఆ పిల్లవాడే తరువాత లిటిల్ రిచర్డ్ అనే పేరుతో లోకమంతా ఎరిగిన గాయకుడయ్యాడు. ఒక పెద్ద ఒక చిన్నవానికి చోటు ఇస్తే ఏమి జరుగునో ఇది చూపుతుంది. మా సంఘములో మేము చేసినదానిని ఇక్కడ గుర్తు చేసుకుని మా తల వంగింది.

ఆ తిరుగుళ్ళు సుఖమైనవి కావు. దక్షిణాది ఊళ్ళలో నల్లజాతివారికి హోటళ్ళు గది ఇచ్చేవి కావు. అందుకని ఆమె పడకలు గల బస్సు ఒకటి కొన్నది. అందులోనే నిద్ర. తెల్లజాతి గాయకబృందమైన జోర్డనేర్స్ వారితో కలిసి తిరిగిన రోజులలో, వారు హోటలులోనికి వెళ్ళి భోజనము తెచ్చి ఇస్తే ఆమె బస్సులో కూర్చుని తినేది. సాయంత్రము వేదిక మీద ఆమె పేరే పెద్దది. మధ్యాహ్నము ఆమె భోజనపు బల్ల దగ్గర కూర్చోకూడదు. అంటరానితనము ఎరిగిన మన ప్రజలకు దీనిని విడమరచి చెప్పవలసిన పని లేదు.

1951 జూలై 3న వాషింగ్టనులోని గ్రిఫిత్ స్టేడియములో రస్సెల్ మోరిసన్‌తో ఆమె మూడవ వివాహము జరిగింది. టిక్కెట్టు కొని వచ్చినవారు 20,000కు పైగా ఉన్నారు. పెండ్లి ప్రమాణములు అయిన తరువాత పెండ్లి బట్టలతోనే ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకుని పాడింది. వివాహమును టిక్కెట్ల మీద అమ్మడము మాకు నచ్చలేదు. ఆ రోజులలో ఒక నల్లజాతి స్త్రీ పేరు మీద అంత జనము కూడగలిగారన్నది మాత్రము కాదనలేని సంగతి.

వాన కురిసిన ప్లాట్‌ఫారము

1950ల మొదట్లో ఆమె, మేరీ నైట్ కొన్ని లౌకిక పాటలు రికార్డు చేశారు. సువార్త శ్రోతలు దూరమయ్యారు. అటు మహాలియా జాక్సన్ పేరు పెరిగింది. గిటారుతో క్రొత్త సంగీతము పాడే యువకులు వచ్చారు. చక్ బెర్రీ, ఎల్విస్ ప్రెస్లీ వంటి పేర్లు లోకమంతా మ్రోగాయి. ఆమె పేరు తగ్గింది. గుడివారు ఆమెను లోకములో కలిసినదన్నారు, లోకమువారు ఆమెను పాతబడినదన్నారు. రెండు గుమ్మముల మధ్య నిలిచినవారి పాట్లు ఇవే.

1957లో బ్రిటన్ నుండి పిలుపు వచ్చింది. క్రిస్ బార్బర్ అనే వాద్యబృంద నాయకుడు ఆమెను తన బృందముతో అక్కడ పర్యటింపజేశాడు. 1964లో మడీ వాటర్స్ మొదలైన పెద్ద విద్వాంసులతో కలిసి ఆమె మరల అక్కడికి వెళ్ళింది. మాంచెస్టరు నగరములో మూతపడిన విల్‌బ్రహమ్ రోడ్డు స్టేషనులో గ్రానడా టెలివిజనువారు మే 7న చిత్రీకరణ పెట్టారు. ఒక ప్లాట్‌ఫారము మీద జనము, ఎదుటి ప్లాట్‌ఫారము మీద విద్వాంసులు. వాన వచ్చింది. ఆమె మొదట పాడవలసిన పాట మార్చుకుని, నోవహు కాలపు వానను గూర్చిన డిడ్‌న్ట్ ఇట్ రెయిన్ అనే పాట ఎత్తుకుంది. మన పిల్లలు సెల్‌ఫోనులో చూసినది ఆ దినమునే. అప్పటికి ఆమెకు 49 ఏళ్ళు.

ఆ సినిమా ముక్క మేము మూడుసార్లు చూశాము. మొదటిసారి గిటారు చూశాము. రెండవసారి వ్రేళ్ళు చూశాము. మూడవసారి ముఖము చూశాము. ఆ ముఖములో అతిశయము లేదు, భయము లేదు. ఇంటి పని తెలిసిన స్త్రీ ఇంటి పని చేసినట్టుగా, వచ్చిన పనిని సంతోషముతో చేస్తున్న ముఖము.

రాయి లేని సమాధి

1960ల చివరలో తల్లి కేటీ బెల్ ప్రభువునందు నిద్రించింది. మాండొలినుతో కూతురిని వెంటబెట్టుకుని తిరిగిన ఆ తల్లి పోవడము ఆమెకు పెద్ద దెబ్బ. 1970లో ఆమెకు పక్షవాతము వచ్చింది. చక్కెర వ్యాధివల్ల ఒక కాలు తీసివేశారు. అయినను పాడడము పూర్తిగా మానలేదు. 1973 అక్టోబరు 9న ఫిలడెల్ఫియా నగరములో, మరల పక్షవాతము రాగా, 58 ఏళ్ళ వయసులో మరణించింది. అప్పటికి ఆమె మరొక రికార్డింగుకు సిద్ధమవుతూ ఉంది. ఆ నగరములోని బ్రైట్ హోప్ బాప్తిస్టు సంఘములో భూస్థాపన ఆరాధన జరిగింది. పాత స్నేహితురాలు మేరీ నైట్ వచ్చి సేవ చేసింది. నార్త్‌వుడ్ సమాధుల తోటలో ఆమెను పాతిపెట్టారు. సమాధి మీద పేరు చెక్కిన రాయి పెట్టినవారు లేరు.

అలా 30 ఏళ్ళు దాటిపోయాయి. 1986లో రాక్ అండ్ రోల్ గౌరవశాలలో మొదటి జట్టును చేర్చుకున్నప్పుడు, ఆమె వేదిక ఎక్కించిన లిటిల్ రిచర్డ్ అందులో ఉన్నాడు. ఆమె లేదు. 1998లో అమెరికా తపాలా శాఖ సువార్త గాయనీమణుల వరుసలో ఆమె బొమ్మతో 32 సెంట్ల బిళ్ళ విడుదల చేసింది. 2004లో ఆమె డౌన్ బై ది రివర్‌సైడ్ రికార్డును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచవలసిన రికార్డుల జాబితాలో చేర్చింది. 2007లో గేల్ వాల్డ్ అనే పండితురాలు ఆమె జీవితచరిత్ర వ్రాసింది. ఆ పుస్తకము వచ్చిన తరువాత కొందరు కలిసి 2008లో కచేరీ చేసి డబ్బు కూడబెట్టి సమాధికి రాయి పెట్టించారు. ఆ ఏటనే పెన్సిల్వేనియా గవర్నరు జనవరి 11ను ఆమె పేరిట దినముగా ప్రకటించాడు. 2018లో రాక్ అండ్ రోల్ గౌరవశాలలో ఆమెను చేర్చారు. ఆమె చోటు ఇచ్చిన పిల్లవాడు లోపలికి వెళ్ళిన 32 ఏళ్ళకు.

మనము నేర్చుకొనవలసినది

ప్రియులారా, మేము ఈ చరిత్ర చదివి ఆలోచించినది ఇది. రోసెట్టా వరము సంఘములో పుట్టింది. సంఘము దానిని చిన్నతనములో పెంచింది. పెద్దదైన తరువాత దానిని ఎక్కడ ఉంచాలో ఎవరికి తోచలేదు. ఆమె కూడా అన్ని వేళల మంచి దారి ఎన్నుకోలేదు. ఆమె గుడి గడప దాటినప్పుడు తలుపు వేయడము మనవారికి తెలిసింది, తిరిగి పిలవడము తెలియలేదు. చివరకు గిటారులంటే ప్రేమ గలవారు, పాత రికార్డులు వెదికేవారు, చదువుకున్నవారు వచ్చి ఆమె పేరు రాతి మీద చెక్కించారు. ఆ పని మొదట చేయవలసినవారము మనము కాదా?

మోషే అక్క మిర్యాము సముద్రము దాటిన దినమున తంబుర చేతపట్టి ముందు నడిచిందని సండే స్కూలులో మనమే పిల్లలకు నేర్పుతాము. కీర్తనల గ్రంథము చివరి కీర్తనలో తంతి వాద్యములు ఉన్నవని మనమే చదివిస్తాము. అక్కడ ఆడవారు, మగవారు అని విడదీసి వ్రాయలేదు. నేర్పినదానిని నమ్మడమే మనకు మిగిలిన పని.

వరమును సరిదిద్దవద్దని మేము చెప్పడము లేదు. ఏ పాట పాడాలి, ఎంత శబ్దము ఉండాలి, ఆరాధన ఎక్కడ, ప్రదర్శన ఎక్కడ అన్నది పెద్దలు ప్రేమతో చెప్పాలి. పెద్దలు చెప్పని సంఘము తాళము తప్పిన పాట వంటిది. కాని చెప్పడము వేరు, చోటు లేదనడము వేరు. ఇంట్లో చోటు దొరకని వరము వీధిలో చోటు వెదుక్కుంటుంది. తరువాత వీధికి వెళ్ళిందని మనమే నింద వేస్తాము.

పండుగకు పది దినముల ముందు మేము ఆ బిడ్డ ఇంటికి వెళ్ళాము. వాకిట్లో రాట్నము తిరుగుతున్నది. తల ఊపినవారిలో మేమును ఒకరమని ఆమెతో చెప్పి, మా తప్పు ఒప్పుకున్నాము. బిడ్డ కొంచెముసేపు ఏమీ అనలేదు. పిదప, తాతా, మొదటి కీర్తన ఏ శ్రుతిలో ఎత్తుకుంటారని అడిగింది. పెద్దల కూటములో మరల మాట పెట్టాము. అందరు ఒక్కసారిగా ఒప్పుకున్నారని చెప్పలేము. ఇద్దరు ఇంకను ఆలోచిస్తున్నారు. వారి మాటను మేము గౌరవిస్తాము. అయినను ఆ ఆదివారము స్త్రీల సమాజమువారి పాటకు ఆమె వాయించింది. శబ్దము కొంచెము ఎక్కువైంది. తగ్గించమని సైగ చేశాము, తగ్గించింది. పాట బాగా సాగింది.

మీ సంఘములలో కూడా వెనుక బల్ల మీద కూర్చుని వ్రేళ్ళతో ఒడిలో తాళము వేసుకునే బిడ్డ ఎవరైనా ఉంటే, ఆరాధన అయిన తరువాత పేరు అడగండి. ఆ పేరు ఇప్పుడే తెలుసుకోవడము, తరువాత ఎప్పుడో రాతి మీద చెక్కించడము కంటె సులువు.

ప్రభువు మనలను, మన బిడ్డల చేతి పనిని దీవించును గాక. ఆమెన్.